ఆఖరి గ్రీన్ మీద పీతల ఊరేగింపు

గోల్ఫ్ మైదానం చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడూ డాలీగంజ్‌లో మా ఇంటికి వస్తుంటారు. "అంకుల్, ఏ మెషీన్ మంచిది? ఏ మందు కొట్టాలి?" అని అడుగుతారు. మెషీన్ సంగతి అమ్మినవాడు చెబుతాడు, మందు సంగతి డబ్బా మీదే ఉంటుంది. నాకు తెలిసింది వేరే. అది ఒక టీ తాగేలోపు చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను. మీలో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చినంత బాగా చదవడం రాదని నాకు తెలుసు. కష్టమైతే మీ అమ్మచేత చదివించుకోండి, ఆవిడ కూడా నాలుగు చోట్ల నవ్వుకుంటుంది.

నా పేరు సింహాచలం. ఈ దీవుల్లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వల భుజాన వేసుకుని వచ్చాడు. మా ఇంట్లో మగవాళ్ళంతా సముద్రం మీదికి వెళ్తే నేనొక్కణ్ణే గడ్డి మీదికి వెళ్ళాను. "గడ్డి కోయడానికి కూడా జీతమిస్తార్రా?" అని మా నాన్న చాలా కాలం నమ్మలేదు.

ఈ ఉద్యోగం నిజంగా ఏమిటంటే

పెద్ద పెద్ద గోల్ఫ్ ఛాంపియన్‌షిప్‌లు టీవీలో చూసి జనం ఏమనుకుంటారంటే, బంతిని ఎవడు దూరం కొడితే వాడు గెలుస్తాడని. ఉత్తమాట. దూరం కొట్టేవాళ్ళు అక్కడ వందమంది ఉంటారు. చివరిరోజు సాయంత్రం కప్పు ఎత్తేది మాత్రం ఆ రోజు ఆ నేలతో గొడవ పడనివాడు.

అమెరికాలో ఒక పెద్ద పోటీకి ఆడే దారి పక్కన గడ్డిని చీలమండ మునిగేలా పెంచేస్తారు. బంతి అందులో పడిందంటే బయటికి తీయడమే గొప్ప. ఓర్పు లేనివాడు అందులోంచి కూడా ఘనకార్యం చేద్దామని చూసి ఇంకా లోపలికి పోతాడు. బ్రిటన్‌లో సముద్రం పక్కన జరిగే పోటీలో పొద్దున ఆడినవాడికి ఎండ, మధ్యాహ్నం ఆడినవాడికి తుఫాను గాలి. న్యాయమా అంటే కాదు. కానీ "నాకే ఎందుకిలా" అని ఒక్కసారి అనుకున్నాడా, ఇక వాడి పని అయిపోయినట్టే. టీవీలో నేను బంతిని చూడను, మొహాలు చూస్తాను. గాలి తిరిగినప్పుడు ఎవడు విసుక్కున్నాడు, ఎవడు టోపీ సర్దుకుని ఊరుకున్నాడు, అది చూస్తే చాలావరకు ఫలితం తెలిసిపోతుంది.

అంటే మన చేతిలో ఉన్నది గడ్డి కాదు నాయనా, మనిషి కోపం. మనం గడ్డి ఎంత కోశాం, జెండా ఎక్కడ పాతాం అన్నదాన్ని బట్టి వాడి గుణం బయటికొస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మెషీన్ మీద చెయ్యి వెయ్యండి.

మాది చిన్న మైదానం. తొమ్మిది గుంతలు, వాటినే రెండుసార్లు చుట్టి ఆడతారు. ఒకవైపు సముద్రం, ఒకవైపు పొదలు. పొద్దున్నే నా మొదటి పని పొడవాటి వెదురుగడతో గ్రీన్ మీద మంచు దులపడం. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, గ్రీన్ అంటే జెండా ఉన్న గుంత చుట్టూ బాగా పొట్టిగా కోసిన గడ్డి. అక్కడ బంతిని గాల్లోకి లేపరు, మెల్లగా దొర్లిస్తారు. ఆ దెబ్బని పట్ అంటారు. పోటీలన్నీ చివరికి అక్కడే తేలుతాయి.

రెండో పని ఏ పుస్తకంలోనూ ఉండదు. బకెట్ పట్టుకుని పీతల్ని ఏరడం. ఖాళీ గుల్లని ఇల్లు చేసుకుని వీపున మోసుకుతిరిగే పీతలు మా దీవుల్లో ఎక్కడ చూసినా ఉంటాయి. మేం గుల్లపీతలంటాం. తడి నేల కనబడితే చాలు, గ్రీన్ మీదికి వాకింగ్‌కి వచ్చేస్తాయి. నేను వాటిని ఏరి ఒడ్డున వదిలేసేవాణ్ణి. మర్నాటికి మళ్ళీ తయారు. వాటికీ నాకూ మధ్య అదొక మర్యాద.

ఖన్నా సాబ్ అద్దం మోజు

మా క్లబ్బు సెక్రటరీ ఖన్నా సాబ్ ఓడల్లో పనిచేసి రిటైరై ఇక్కడే ఉండిపోయిన మనిషి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒకసారి టీవీలో ఏదో పెద్ద ఛాంపియన్‌షిప్ చూసి పొద్దున్నే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "సింహాచలం, ముఝే శీషా చాహియే! గ్రీన్ అద్దంలా ఉండాలి. బంతి పెడితే జారిపోవాలి!"

వద్దని చెప్పాల్సినవాణ్ణి నేనే. కానీ నాకూ మోజే. ఇద్దరం పిల్లల్లా సంబరపడి గడ్డిని చెంపకి ఆనిస్తే గుచ్చుకునేంత పొట్టిగా కోసేశాం. పోటీ రోజు సముద్రం మీంచి గాలి లేచింది. ఒక పెద్దాయన పట్ కొడదామని వంగాడు. ఆయన కొట్టకముందే బంతి కదిలి, నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్ళి ఇసకగుంతలో పడింది. ఆయన కర్ర కింద పెట్టి, గ్రీన్ మీదే మఠం వేసుకుని కూర్చుని, "మీ గాలినే ఆడమనండి" అన్నాడు. మూడోనాటికి ఉప్పుగాలికి గడ్డి మాడి గ్రీన్లన్నీ బట్టతలలైపోయాయి.

నన్ను పిలిచి తిడతాడనుకున్నాను. ఖన్నా సాబ్ నా పక్కన నిలబడి కాసేపు చూసి పగలబడి నవ్వాడు. "చలో, మన అద్దం పగిలింది. తప్పు సగం నాది, సగం నీది. మళ్ళీ పెంచుదాం" అన్నాడు. అలాంటి బాస్ దొరకడం అదృష్టం. సముద్రం పక్కన జరిగే పెద్ద పోటీల్లో కూడా గ్రీన్ మీద గడ్డి కాస్త పెద్దదిగానే ఉంచుతారని, గాలి వస్తే బంతి నిలవాలి కదా అని, ఆ తర్వాత ఇద్దరం తెలుసుకున్నాం. కళ్ళకి నచ్చిందని ఇంకో ఊరి గడ్డిని మన ఊరికి తేకూడదు.

జెండా పాతడం గురించి, అంటే గ్రీన్ మీద రోజూ కొత్త చోట గుంత తవ్వడం గురించి, ఆయన నాకు నేర్పింది ఒకటుంది. "కష్టపెట్టు, కానీ మోసం చెయ్యకు. మంచి షాట్ కొట్టినవాళ్ళకి ఫలితం దక్కాలి." నేను రిటైరయ్యేవరకు దాన్ని దాటలేదు. దాటాలనిపించిన రోజు ఒక్కటే, అది మా రత్నం రోజు.

రత్నం కోపం

నూకరత్నం నా చెల్లెలి కూతురు. దాని నాన్న అప్పన్న, అంటే మా బావ, మాయాబందర్‌లో చేపలు పడతాడు. చదువు కోసం రత్నం మా ఇంట్లో పెరిగింది. బడి అయ్యాక నా దగ్గరికి మైదానానికి వచ్చి, విరిగిన కర్ర ఏదో పుచ్చుకుని బంతులు కొట్టేది. చూస్తుండగానే దీవుల్లో దానంత బాగా ఆడే ఆడపిల్ల లేదనిపించుకుంది. ఇప్పుడు బళ్ళో ఆటల టీచరు. పిల్లలకి ఓర్పు గురించి పాఠాలు చెబుతుంది. వినేవాళ్ళకి నవ్వు రాదా?

ఎందుకంటే దాని కోపం అలాంటిది. ప్రతి ఏడాదీ మా మైదానంలో దీవుల ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. గెలిచినామెకి సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో జరిగే పెద్ద ఛాంపియన్‌షిప్‌లో ఆడే అవకాశం. దీవుల నుంచి ఒక్కరికే. రత్నం రెండేళ్ళు వరసగా చివరి గుంత దాకా ముందుండి చివర్లో పోగొట్టుకుంది. రెండుసార్లూ ఒకటే కథ. ఒక పట్ తప్పుతుంది, చిర్రెత్తుకొస్తుంది, ఆ కోపంతో కొట్టిన తర్వాతదీ తప్పుతుంది. రెండోసారైతే పట్ కర్రని గిరగిరా తిప్పి సముద్రంలోకి విసిరేసింది. బావ లుంగీ ఎగ్గట్టి, డోంగీ పడవ వేసుకుని వెళ్ళి, మునిగి తీసుకొచ్చాడు. "సేప కన్నా బాగానే తగిలింది" అంటూ అందరికీ చూపించాడు. అందరూ నవ్వారు, రత్నం తప్ప.

ఇంటికొచ్చాక నాతో అంది, "మావయ్యా, వచ్చే ఏడు ఒక్కసారి ఆడతా. అప్పుడూ పోతే బస్, ఖతం. ఇంక కర్ర పట్టను." అది ఊరికే అనే పిల్ల కాదు. నాకు అన్నం సహించలేదు.

ఆ వచ్చే ఏడే నా ఆఖరి టోర్నమెంటు కూడా. ఆ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. క్లబ్బులో గుసగుసలు మొదలయ్యాయి. జెండాలు పాతేది మావయ్య, ఆడేది మేనకోడలు. ఇంకేం కావాలి? నా చెవిన పడేలాగే అన్నారు. దానికి సులువైన చోట పాతేద్దామని మనసు లాగిన మాట నిజమే, కానీ ఆ గుసగుసలకి నా ఒళ్ళు మండింది. చివరిరోజు ఆఖరి గ్రీన్ మీద జెండా తీసుకెళ్ళి రత్నానికి ఎప్పుడూ అచ్చిరాని చోట పాతాను. ఆ గ్రీన్ సముద్రం వైపుకి, కుడిపక్కకి వాలి ఉంటుంది. ఆ వాలు అంచున పట్ కొట్టాలంటే బాగా ఎడమకి గురిపెట్టే ధైర్యం ఉండాలి. రత్నానికి అక్కడే తొందర. అలాగని అది మోసం కాదు, ఇద్దరికీ ఒకే వాలు. పొద్దున రత్నం వచ్చి ఆ జెండా చూసింది, నన్ను చూసింది, కర్రల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు

ప్రత్యర్థి శోభా దీదీ. బ్యాంకు ఆఫీసరు, బదిలీ మీద మెయిన్‌లాండ్ నుంచి వచ్చింది. మహా నిదానం. బంతి ఇసకలో పడినా మొహంలో ఒక్క గీత కదలదు. ఈవిడ ముందు మా అగ్గిపుల్ల ఎంతసేపు నిలుస్తుందని నాకు భయం.

పొద్దున ఆట మొదలెట్టబోతుంటే జల్లు పట్టుకుంది. అందరం షెడ్డులో చేరాం. తగ్గేసరికి బాగా పొద్దెక్కింది. ఆలస్యమైంది, అంతేగా అనుకున్నాం. ఆ ఆలస్యంలో ఏముందో తెలిసినవాడు మా బావ ఒక్కడే, వాడు నోరు మెదపలేదు.

ఇద్దరూ హోరాహోరీగా ఆడారు. దారిలో రత్నం రెండుసార్లు పళ్ళు కొరకడం చూశాను. ఆఖరి గుంత దగ్గరికొచ్చేసరికి ఇద్దరి స్కోరూ సమానం. ఇద్దరి బంతులూ గ్రీన్ మీదికి ఒకే లెక్కలో చేరాయి. జనం చుట్టూ మూగారు. గాలి అప్పుడే తిరిగింది. అంతవరకు నేల మీంచి వీచినది, సముద్రం మీంచి పొదల వైపుకి మళ్ళింది.

ముందు ఒక పీత వచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత చూద్దును కదా, పొదల్లోంచి గుల్లపీతలు బారులు తీరి గ్రీన్ మీదికి దిగుతున్నాయి. చిన్నవి, పెద్దవి, పెళ్ళివారిలా తీరుబడిగా, అన్నీ సముద్రం వైపు చెట్ల గుంపుకే. బకెట్ కోసం పరిగెత్తాను.

"ఏంటిది సింహాచలం!" ఖన్నా సాబ్ అరిచాడు. ఆ రోజు రెఫరీ ఆయనే.

అప్పుడు బావ నా పక్కకి జరిగి చెవిలో గొణిగాడు. "బావా, తిట్టకు. తెల్లారగట్ల ఆ సెట్ల కింద కొబ్బరిసిప్పలు, ఎండుసేపలు ఏసినాను. ఒడ్డున ఉన్న పీతలన్నీ అక్కడే మేస్తా ఉండిపోతాయి, పాప గ్రీన్ మీదికి రావు అని."

"మరి పొదల్లోవి?"

"నేల గాలికి ఆటికి వాసన అందదు కదా. గాలి తిరిగీసరికి ఆట అయిపోద్దనుకున్నాను. ఈ వానముండ వస్తదని నాకేటి తెలుసు!"

వాడు చెప్పింది అక్షరాలా నిజం. చేపలవాడి తెలివి అంతా వాడి ఎర వేశాడు. జల్లు ఆటని గాలి తిరిగే వేళ దాకా తోసింది. తడికి పీతలు లేచాయి. సముద్రపు గాలి ఎండుచేపల వాసనని గ్రీన్ మీదుగా మోసుకెళ్ళి నేరుగా పొదల్లో వాటికి అందించింది. గొణిగాను అనుకున్నాడు గానీ బావ గొంతు పడవ మీద పెరిగిన గొంతు. అందరికీ వినబడింది. నలుగురు మొహాలు చూసుకున్నారు. కూతురు కోసం తండ్రి చేసిన పని అంటే ఏమనుకుంటారో నాకు తెలుసు.

రత్నం వంక చూశాను, ఇంక పేలుతుందని. దాని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది. "నాన్నా, నువ్వు గ్రేట్! పీతలకి భోజనాలు పెట్టావా!" ఆడుతుండగా అది నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

శోభా దీదీకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె పట్ కొట్టడానికి వంగుతుంది, ఒక పీత బూటు దగ్గరికి వస్తుంది, ఆమె ఎగిరి వెనక్కి దూకుతుంది. నేను ఏరుతాను. మళ్ళీ వంగుతుంది, మళ్ళీ ఇంకోటి. "యే క్యా తమాషా హై!" అని మొట్టమొదటిసారి ఆమె గొంతు లేచింది. ఆ కంగారులోనే కొట్టింది, పక్కనించి పోయింది. తర్వాతి దెబ్బకి ముగించింది.

ఇప్పుడు రత్నం పట్ వేస్తే గెలుపు, లేకపోతే ఆట పొడిగింపు. నేను ఒక మూల వంగి పీతల్ని ఏరుతున్నాను. అది కొట్టింది. జనం ఒక్కసారి "ఓ..." అని నిట్టూర్చి, ఆ వెంటనే కేక పెట్టారు. తలెత్తి చూస్తే బంతి గుంతలో ఉంది. బావ తువ్వాలు ఊపుతూ గంతులేస్తున్నాడు.

రత్నం చెయ్యెత్తింది. "సాబ్, ఇది లెక్కలోకి రాదు. బంతి పీతకి తగిలి లోపలికి పోయింది."

కేకలు ఆగిపోయాయి. గుంత పక్కన రాయిలా ఒక గుల్ల పడుంది, పీత లోపలికి ముడుచుకుని. గ్రీన్ మీద కొట్టిన పట్ దొర్లుతూ వెళ్ళి ఏ జంతువుకైనా తగిలితే ఆ దెబ్బ చెల్లదు, ముందు ఉన్న చోటే బంతి పెట్టి మళ్ళీ ఆడాలి. రూలు రూలే.

ఖన్నా సాబ్ ఇబ్బందిగా చూశాడు. "నేను చూడలేదు బేటీ. శోభా, నువ్వు?"

"నేనూ చూడలేదు" అంది శోభా దీదీ నిజాయితీగా.

"నేను చూశాను" అంది రత్నం.

బావ ఇంక ఆగలేకపోయాడు. "ఒసే, నీకేటి పిచ్చా! అది దేవుడు పంపిన పీతే!"

"కాదు నాన్నా, నువ్వు పంపిన పీత. అందుకే చెల్లదు."

గ్రీన్ చుట్టూ నవ్వులు పేలాయి. ఇందాక గుసగుసలాడినవాళ్ళు అందరికన్నా గట్టిగా నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. పీత లేకపోతే ఆ బంతి కుడికి జారి పోయేదే. కోరి పాతిన నా జెండా నా పిల్లని ఓడిస్తోందే అని బకెట్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

రత్నం బంతిని మళ్ళీ పెట్టుకుంది. నా వైపు చూసి కన్ను కొట్టింది. మొదటిసారి బంతి ఎక్కడ జారిందో అది చూసింది కదా, ఈసారి ధైర్యంగా బాగా ఎడమకి గురిపెట్టింది. తొందర లేదు. బంతి వాలు మీద మెల్లగా వంగుతూ వచ్చి, గుంత అంచున ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి పోయింది.

అందరికన్నా ముందు పరిగెత్తి వాటేసుకున్నది శోభా దీదీ. నేను వెళ్దామని అడుగేశాను గానీ బకెట్ దొర్లింది, పట్టిన పీతలన్నీ మళ్ళీ గ్రీన్ మీద. ఎవరికి పట్టింది? వాటి మధ్యలోనే కూర్చుని సిగ్గులేకుండా ఏడ్చాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు. రత్నం వచ్చి పక్కన చతికిలబడి, "కావాలనే పెట్టావు కదూ ఆ జెండా?" అంది. అవునన్నాను. "మంచి జెండా మావయ్యా" అంది.

మీకు చెప్పేది

నేల మనిషిని వెక్కిరిస్తుంది. గాలి తిరుగుతుంది, వాన వస్తుంది, పీతలొస్తాయి. ప్రపంచంలో ఎంత పెద్ద పోటీ అయినా ఇంతే, అక్కడ పీతలకి బదులు ఇంకేవో. కోపిష్టి మనిషి గెలవలేడని, నిదానస్థుడు ఓడిపోడని నేనూ అనుకునేవాణ్ణి. అది తప్పు. ఏ నేల మీద అన్నది చూడాలి. శోభా దీదీ నిదానం పీతల దగ్గర పనిచెయ్యలేదు. రత్నం కోపం వాటి ముందు నిలవలేదు, ఎందుకంటే ఆ పిల్ల వాటితోనే పెరిగింది. మీ పని నేలని కష్టంగా, నిజాయితీగా ఉంచడం. తర్వాతిది ఆడేవాళ్ళ పని. ఇంకోమాట, మీ చుట్టాలని టోర్నమెంటు ముందురోజు ఎండుచేపలతో మైదానంలోకి రానివ్వకండి.

రత్నం మెయిన్‌లాండ్ వెళ్ళింది. అక్కడి గ్రీన్లు నిజంగానే అద్దాలట. ఖన్నా సాబ్ కుళ్ళుకున్నాడు. మొదటిరోజు ఆట బాగా పాడైంది. కోపంగా ఉందేమోనని నేను ఫోన్ చెయ్యలేదు. రెండోరోజు పుంజుకుంది. మిగిలిన రోజులు ఆడే అర్హత ఒక్క దెబ్బ తేడాతో దక్కించుకుంది. సాయంత్రం అదే ఫోన్ చేసింది.

"కర్ర ఏమైనా విసిరావా?" అన్నాను.

"విసరడానికి ఇక్కడ సముద్రమేదీ!" అని నవ్వింది. "ఫోటో పంపా, చూడు."

చూశాను. ఎవరి బంతి వాళ్ళు గుర్తుపట్టడానికి ఆటగాళ్ళు పెన్నుతో ఏదో ఒక గుర్తు వేసుకుంటారు. రత్నం బంతి మీద ఎర్ర ఇంకుతో ఒక చిన్న గుల్లపీత బొమ్మ ఉంది. బంతి కింద పెట్టిన కాగితం మీద తెలుగులో, వంకరటింకర అక్షరాలతో రాసింది: "ఇక్కడ పీతలు లేవు మావయ్యా. అందుకే మనూరిది ఒకటి తెచ్చుకున్నా."